చెత్తబుట్టలో నీలిముక్కలు

ఓవర్సీరుగారి కోడలు దొరని కత్తెరతో ముక్కలు చేసి చెత్తబుట్టలో పడేసిందని పక్కింటావిడ చెప్పిందట. కిటికీలోంచి కళ్లారా చూశానని ఇస్త్రీ మనిషితో అన్నదట. ఇస్త్రీ మనిషి ఆ మాటను మడత నలగకుండా మందులకొట్టుకు చేరవేస్తే, మందులకొట్టాయన దాన్ని కీళ్లనొప్పుల మాత్రలకని వచ్చిన సిస్టరమ్మ చెవిన వేశాడు. ఆ దొర ఎవరో, ఓవర్సీరుగారింటికి ఎందుకొచ్చాడో అప్పటికి ఎవరికీ తెలియదు. సిస్టరమ్మ మాత్రం ముక్కలెన్ని అని అడిగింది. నాలుగట. నాలుగు ముక్కలు చేసినా మనిషన్నవాడు చెత్తబుట్టలో పట్టడే అనుకుంటూ ఆవిడ మాత్రలు సంచీలో వేసుకుంటుండగా ఫోను మోగింది.

చేసింది ఓవర్సీరుగారి కొడుకు, బస్సు డ్రైవరు. పుట్టగానే ఏడవలేదని వాణ్ణి కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీసి, పిర్రమీద రెండిచ్చి ఏడిపించింది ఈవిడే. ఆ చనువుతో వాడు ఇప్పుడూ ఏడుపుగొంతుతోనే మాట్లాడాడు. దొరంటే మనిషి కాదట, చేపట. గాజుసీసాల్లో ఒంటరిగా ఉండి, ఇంకో మగదాన్ని చూస్తే మీదపడి కరిచే ఫైటర్ చేప ఉంటుందే, బెట్టా, అది. నీలం రంగుది. ఆదివారం చేపల సంఘం ప్రదర్శనలో కప్పు దానిదేనని తండ్రి అందరికీ చెప్పుకున్నాడు. రెండు రోజులు పనిమీద వెళ్లి ఇవాళ మధ్యాహ్నం తిరిగొచ్చి చూస్తే తొట్టిలో దొర లేడు, ఎవడో మొండితోకవాడు ఉన్నాడు. అమ్మేసిందో చంపేసిందోగాని చేసింది కోడలేనని ఇంట్లో తేల్చేశారు. తాను డ్యూటీ దిగి వచ్చేసరికి ఆరవుతుంది. ఈలోగా తన పెళ్లాన్ని పుట్టింటికి తోలేస్తారు.

"మీ ఆవిడేమంటోంది?" అని సిస్టరమ్మ అడిగింది.

"ఏమీ అనట్లేదట సిస్టరమ్మా. అదే నా భయం."

సిస్టరమ్మ ముప్పైరెండేళ్లు ప్రసూతి వార్డులో చేసి, రిటైరయ్యాక డిటెక్టివ్ అయింది. రెండింటికీ పెద్ద తేడా లేదంటుంది. లోపలున్నది బయటికి రావాలి, ఎన్ని గంటలకు వచ్చిందో రాసుకోవాలి, వరండాలో పచార్లు చేసే మగవాళ్లు చెప్పేది నమ్మకూడదు. అంతే.

ఒంటిగంటా యాభైరెండుకు ఆవిడ ఓవర్సీరుగారి గుమ్మం ఎక్కింది. గుమ్మం పక్కన గోడకి ఆనించి ఒక సూట్‌కేసు ఉంది. దానిమీద అత్తగారు కూర్చుంది. సూట్‌కేసు మూత పడటం లేదు కాబోలు, తన బరువంతా పెట్టి కూర్చుంది. కోపంగా సర్దుతూ కూడా చలికాలం బట్టలు మరచిపోలేదు మరి.

నడవా చివర, వెనకగది తలుపు దగ్గర, కోడలు నిలబడి ఉంది. ముప్పై లోపు మనిషి, సన్నగా, జుట్టు బిగించి ముడివేసుకుని. ఆ గదిలోకి అడుగుపెట్టవద్దని ఆమెకు ఆజ్ఞ. అందుకని కాలివేళ్లు సరిగ్గా గడప అంచుకు ఆనించి, మునివేళ్ల మీద లేచి లోపలికి చూస్తోంది. సిస్టరమ్మ ఒక నిమిషం ఆమెనే చూసింది. పట్టుబడ్డ దొంగ కళ్లు వీధి తలుపు మీదుంటాయి. ఈ పిల్ల కళ్లు గదిలో నేలమీదున్న నీళ్లతొట్టి మీద ఉన్నాయి. తన సూట్‌కేసు వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"ఆయాగారు కూడా దిగారే" అని గదిలోంచి ఒక గొంతు పలికింది.

పౌడరు. అసలు పేరు వాళ్లమ్మకు గుర్తుందో లేదో గాని, వేలిముద్రల పొడిడబ్బా లేకుండా గడప దాటడు కాబట్టి ఊరంతటికీ అతను పౌడరే. ముప్పైయేళ్ల డిటెక్టివ్, చేతికి రబ్బరు తొడుగులు, మెళ్లో కెమెరా. ఏడాదిలో మూడు కేసుల్లో సిస్టరమ్మ కంటే ముందే చేరుకున్నాడు. మూడింట్లోనూ ఆవిడ వచ్చేసరికి ఎవరో ఒక అమాయకుణ్ణి పట్టేసుకుని ఉన్నాడు.

"ఆయా కాదు నాయనా, హెడ్ సిస్టరు" అందావిడ. "మీలాంటివాళ్లను ఎందరినో కడిగి తుడిచిన చెయ్యి."

పౌడరు తన కేసును వేళ్లమీద లెక్కపెట్టి మరీ అప్పజెప్పాడు. పన్నెండూ నలభైకి యజమాని ఇంటికి వచ్చాడు, తొట్టి మూత తీశాడు, కేక పెట్టాడు. ఆయన పిలిస్తే ఒంటిగంటా పదికి తాను చేరాడు. ఒంటిగంటా ఇరవైకి ఆయుధం దొరికింది: ఈ గది అరలో చిన్న కత్తెర. ఒంటిగంటా ఇరవైఐదుకు చెత్తబుట్టలో శవం తాలూకు అవశేషాలు. ఒంటిగంటన్నరకు, దొర స్థానంలో పెట్టిన మారుచేపను తొట్టిలోంచి తీసి భద్రపరిచాడు. భద్రపరచడమంటే, అంచుదాకా నీళ్లు నింపిన సీసాలో వేసి, మూత బిగించి, దానిచుట్టూ టేపు చుట్టి, పైన ఒక చీటీ అంటించడం. ఎగ్జిబిట్ నంబర్ వన్.

అప్పుడు కోడలు నోరు విప్పిందట. దాన్ని తొట్టిలో వదిలేయండి, తర్వాత నన్నేమన్నా అనండి అందట. నిందితురాలు సాక్ష్యం నాశనం చేయబోయింది అని పౌడరు రాసుకున్నాడు.

సిస్టరమ్మ సీసా ఎత్తి వెలుతురులో పెట్టి చూసింది. చూపుడువేలంత చేప. వెలిసిపోయిన నీలం. వెనకభాగం ఎవరో బెత్తెడు గుడ్డ కోసేసినట్టు మొండిగా ఉంది. అది పైకి లేచి మూతకి మూతి కొట్టుకుని కిందికి జారి, మళ్లీ పైకి లేస్తోంది. ఇలాంటి పనిని ఆవిడ వార్డులో చూసింది. గాలి చాలని పసిగుడ్డు చేసే పని అది.

"దీనికి ఊపిరాడటం లేదు."

"చేపలు నీళ్లలోనే గాలి పీల్చుకుంటాయని మూడో తరగతిలోనే చెప్పారు" అన్నాడు పౌడరు.

"నాలుగో తరగతికి కూడా వెళ్లాల్సింది."

గడప దగ్గర్నుంచి కోడలు మెల్లగా, ఈ జాతి పైకొచ్చి గాలి గుక్కపట్టుకోవాలనీ, పైన కాస్త ఖాళీ లేకపోతే నీళ్లలోనే ఉక్కిరిబిక్కిరై చస్తుందనీ చెప్పింది. సిస్టరమ్మ మారుమాటాడకుండా టేపు గోటితో లాగి, మూత తీసి, మూడోవంతు నీళ్లు కుండీలో వంపేసింది. ఎగ్జిబిట్ మీద చెయ్యి వేశారని పౌడరు మండిపడ్డాడు. ఎగ్జిబిట్ చచ్చాక శవపంచనామా నువ్వే రాసుకుందువుగాని అని ఆవిడ సీసాను తన చేతిసంచీ పక్కనే పెట్టుకుంది. చేప పైకి వచ్చి గుటుక్కున గాలి మింగింది. రెండు గంటలా మూడు నిమిషాలు అని ఆవిడ పుస్తకంలో రాసుకుంది.

తర్వాత ముందుగదిలో ఓవర్సీరుగారిని కూర్చోబెట్టింది. రోడ్లు వేయించి రిటైరైన మనిషి, పొట్ట కూడా రోడ్డు రోలరులా గుండ్రంగా గట్టిగా ఉంటుంది. సొరుగునిండా చేపల సంఘం పతకాలు. ఉత్తమ పెంపకందారు అని ఆరేళ్లుగా వరసగా ఇచ్చినవి. పోయిన దొర ఆనవాలు చెప్పమంటే ఆయన కళ్లు చెమర్చాయి. తోక, అన్నాడు. విప్పితే అర్ధచంద్రం, ఒక్క ముడత ఉండదు. తోక కాకుండా ఇంకో గుర్తు చెప్పమంటే చాలాసేపు ఆలోచించి, ఆ తోక అంచున తెల్లటి గీత ఉంటుందన్నాడు.

"ఏం తింటాడు?"

"అది మా కోడలు చూస్తుంది."

"నీళ్లెవరు మారుస్తారు?"

"బకెట్లు మొయ్యాలి కదండీ. ఆవిడే."

"మగదాన్నీ ఆడదాన్నీ కలపడం, పిల్లలైతే వాటికి మేత చెయ్యడం?"

అవన్నీ ఇంటిపనులన్నట్టు ఆయన చెయ్యి ఊపాడు.

"మరి మీరేం చేస్తారండీ?"

"రోజూ పొద్దున్నే అద్దం పడతాను" అన్నాడు ఓవర్సీరుగారు గంభీరంగా. అద్దంలో తనని తాను చూసుకుని, ఇంకో మగచేప అనుకుని దొర తోక పూర్తిగా విప్పుతాడట. ఆ విప్పడం అలవాటు చేయడమే పెంపకంలో అసలు కిటుకట.

సిస్టరమ్మ ఆ మాట కూడా టైముతో సహా రాసుకుని వెనకగదిలోకి నడిచింది.

ఒకప్పుడు సామాన్లగది అది. గోడవారగా బల్లమీద పాతిక సీసాలు, ఒక్కోదాంట్లో ఒక్కో చేప. సీసాకీ సీసాకీ మధ్య అట్టముక్క అడ్డం. ఒకదాన్నొకటి చూస్తే రోజంతా రొమ్ము విరుచుకుని చూపులతోనే యుద్ధం చేసి నీరసించిపోతాయట. ఇటువంటి అట్టలు మా వరండాలో కూడా ఉంటే బాగుండేది అనుకుంది సిస్టరమ్మ, పౌడరు వైపు చూస్తూ. నేలమీద వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టి, జానెడు లోతు నీళ్లు. ఎండిన బాదం ఆకులు నాని నీళ్లు డికాషన్ రంగులో ఉన్నాయి. ఒక మూల, సగానికి కోసిన ప్లాస్టిక్ గ్లాసు కింద, సబ్బునురుగులాంటి బుడగల గుట్ట. బుడగల్లో గసగసాలంత తెల్లటి గుడ్లు. అడుగున కూడా గుడ్లున్నాయి. ఆవిడ వంగి చూస్తుండగానే ఇంకొకటి బుడగలోంచి ఊడి, తిరుగుతూ తిరుగుతూ కిందికి దిగింది.

"అడుగున ఎన్నున్నాయి?" అని గడప దగ్గర్నుంచి కోడలు అడిగింది. ఈ ఇంట్లో ఆ ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే.

"నలభై దాకా ఉన్నాయమ్మా. పడితే ఏమవుతాయి?"

"గంటా రెండు గంటలు పరవాలేదు. తర్వాత బూజు పడతాయి. తండ్రి ఉంటే నోటితో ఏరి మళ్లీ గూట్లో పెడతాడు. ఈ జాతిలో పెంపకం తండ్రిదే. తల్లిని అక్కడే ఉంచితే గుడ్లు తినేస్తుంది, అందుకని పదిన్నరకే తీసేశాను." తొట్టివైపు మెడ చాచింది. "ఇవి పోతే ఈ రంగు ఇంక లేదు సిస్టరమ్మా. ఆరు తరాల్లో మిగిలిన మగది దొర ఒక్కడే. వాడికీ వయసైపోతోంది."

సిస్టరమ్మ అరవైపు తిరిగింది. కత్తెర గోళ్లు తీసుకునేంత చిన్నది. ముక్కు దగ్గర పెట్టుకుంది. పక్కన ఒక గిన్నె, అడుగున తెల్లటి ఉప్పుగీత, నీళ్లు మరగబెట్టిన గుర్తు. తీగమీద నాలుగు మడతల తెల్లగుడ్డ, మధ్యలో వేలంత పొడుగున నీలం డాగు. ఆ తర్వాత పౌడరు చిన్న కవరులో దాచిన అవశేషాలు అడిగి తీసుకుంది. నాలుగు నీలిముక్కలు. చీర అంచుకంటే పలచన. నీళ్లలో వేస్తే విప్పుకున్నాయి. నాలుగింటినీ వేలికొసతో జరిపి పక్కపక్కన పేర్చింది. అంచుకి అంచు అతుక్కుని అర్ధచంద్రం తయారైంది, చివర తెల్లగీతతో సహా. కోసిన వైపు గీత గీసినట్టు తిన్నగా ఉంది.

"శవంలో ఎముక ఏదయ్యా?" అందావిడ. "పొలుసు ఏది?"

మిగతా శవాన్ని హంతకురాలు ఇంకోచోట పారేసి ఉంటుందనీ, పిల్లి తినేసి ఉండొచ్చనీ పౌడరు అన్నాడు. ఆ పిల్లిని కూడా విచారిస్తావా అని సిస్టరమ్మ అడిగింది. హత్యకి కారణం కూడా తన దగ్గరుందని అతను గొంతు పెంచాడు: మామగారి కీర్తి చూసి ఓర్వలేనితనం. సూట్‌కేసు మీంచి అత్తగారు, నిజమే, పతకం వచ్చిన రోజల్లా ఈ మహాతల్లి మొహం మాడ్చుకునేది అని అందించింది.

తొట్టి అంచునిండా పౌడరు చల్లిన వెండిరంగు పొడి. అది నీళ్లమీదికి జారి తెట్టులా కట్టింది. కాస్తయితే గూటిని అంటుకునేది. "ఆ పొడి సంగతి ఏదైనా చేయాలి" అన్నది సిస్టరమ్మ, ఎవర్నీ చూడకుండా. "గడప దాటరాదన్న ఆజ్ఞ రెండు నిమిషాలు ఎత్తేస్తున్నా."

కోడలు లోపలికి వచ్చింది. తెల్లకాగితం ఒకటి తీసుకుని, రెండు చేతులా కొసలు పట్టుకుని, నిద్రపోయే బిడ్డకి దుప్పటి కప్పినట్టు నీటిమీద పరిచి, అలాగే ఎత్తింది. తెట్టు కాగితానికి అంటుకుని వచ్చేసింది. మూడు కాగితాలు. బుడగ ఒక్కటి కదల్లేదు. వార్డులో అలాంటి చేతులు నాలుగుంటే తాను ఇంకో పదేళ్లు రిటైరయ్యేది కాదనుకుంది సిస్టరమ్మ.

ఇంక ఆవిడకి తెలియాల్సింది ఏమీ లేదు. కానీ తెలిసింది వేరు, పౌడరు చేత ఒప్పించడం వేరు. కొమ్ములాడించే గిత్తను కొమ్ములు పట్టి లాగితే రాదు, గడ్డి చూపించాలి.

"నాయనా, నీ కేసు గట్టిదే" అంది మెత్తగా. "ఒక్కటే లోటు. ఇది మారుచేప అనడానికి రుజువు లేదు. రుజువు చేసేయి. పరాయి మగచేప గుడ్లు కనబడితే ఏం చేస్తుంది?"

"తినేస్తుంది" అన్నాడు ఓవర్సీరుగారు. ఆ సంగతి ఆయన సభల్లో కూడా చెప్పేవాడు.

"అందరి ఎదుటా తొట్టిలో వదులుదాం. తినేసిందా, నీ మాటే నెగ్గింది. ఫొటో కూడా తీసుకో."

ఫొటో అనేసరికి పౌడరు కళ్లు మెరిశాయి. కోడలు మాత్రం సిస్టరమ్మ చేతికేసి చూసి, సీసా నీళ్లూ తొట్టి నీళ్లూ ఒకే వేడిమీదున్నాయో లేదో చూడండి అంది. రెండు గంటలా ఇరవై ఆరుకు సిస్టరమ్మ సీసాను తొట్టిలో వంచింది. అత్తగారు కూడా సూట్‌కేసు దిగి వచ్చింది. అడ్డులేక దాని మూత ఠప్పున తెరుచుకుంది, ఎవరూ తిరిగి చూడలేదు.

చేప అడుక్కి పోయి బాదం ఆకు కింద దూరింది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. పౌడరు కెమెరా పట్టుకుని గొంతుక్కూర్చున్నాడు. మూడో నిమిషంలో అది ఆకు కిందనుంచి మూతి బయటపెట్టింది. ముందుకి జరిగి, అడుగున పడున్న ఒక గుడ్డుని నోట్లో వేసుకుంది.

పౌడరు ఫొటో కొట్టాడు.

అది ఇంకొకటి వేసుకుంది. ఇంకొకటి. నాలుగోది కూడా నోట్లో పోయేసరికి ఓవర్సీరుగారు గుండెమీద చెయ్యేసుకుని, చూశారా, దొంగముండాకొడుకు అన్నాడు. పౌడరు లేచి చేతితొడుగులు సర్దుకుని, కోడలి వైపు అడుగు వేశాడు. కోడలు అతణ్ణి చూడలేదు. ఆమె పెదవులు ఏదో లెక్కపెడుతున్నట్టు కదులుతున్నాయి.

ఐదో గుడ్డు నోట పెట్టుకుని చేప పైకి లేచింది. ఆ మొండి వెనకభాగంతో తడబడుతూ, పక్కకి ఒరుగుతూ, గూటి కిందికి చేరింది. మూతి బుడగలకు ఆనించి, ఒక్కొక్కటే, ఐదు గుడ్లూ ఉమ్మేసింది. ఊడిపోబోతున్న ఒక దానికి కింద కొత్త బుడగ ఊది పెట్టింది. మళ్లీ కిందికి దిగింది.

కెమెరా అలాగే గాల్లో ఆగింది.

"వార్డు బయట నేనే తండ్రినని ఎవడైనా నిలబడొచ్చు" అంది సిస్టరమ్మ. "అర్ధరాత్రి లేచి గుడ్డలు మార్చేవాడు మాత్రం తండ్రే. పౌడరుబాబూ, మనిషిని చంపదలచుకున్నవాడు గోళ్లు కత్తిరించి వెళ్లిపోడు. కత్తెర మరగబెట్టి, తడిగుడ్డ పరిచి మరీ కొయ్యడు. మేం బొడ్డు కోసేముందు చేసే పని అది. చనిపోయినవాళ్లూ లేరు, మాయమైనవాళ్లూ లేరు. నువ్వు గంటసేపు సీసాలో పెట్టి టేపు చుట్టింది దొరనే."

పౌడరు సీసామీది చీటీని గోటితో గీకడం మొదలుపెట్టాడు.

ఓవర్సీరుగారు తొట్టిమీదికి వంగాడు. చాలాసేపు చూశాడు. చేప పనిలో ఉంది, ఆయన్ని పట్టించుకోలేదు. ఇది దొరేనా అని ఆయన గొణిగాడు. అత్తగారు ఆయన్ని ఎగాదిగా చూసి, ఏడాదిన్నరగా రోజూ అద్దం పట్టారు కదండీ, మీకు తెలియదా అంది. ఆ మాట వెటకారమో, నిజంగా అడిగిందో ఆవిడకే తెలియాలి. ఆయన మొహం ఎర్రబడింది. ఆదివారం ప్రదర్శన పెట్టుకుని, కప్పు చేతికి వచ్చే వేళకి, పరాయివాళ్ల ముందు, సొంత చేపని గుర్తుపట్టని పెంపకందారుగా నిలబెట్టేశారని ఆయనకి అర్థమైంది. అప్పుడు కోడలివైపు తిరిగాడు.

ఆమె గోడకి ఆనుకుని నిలబడింది. తోక మళ్లీ మొలుస్తుందని చెప్పింది, నెలన్నరలో. ముక్కలు చేశానన్న మాట అబద్ధం కాదని, నిన్న సాయంత్రం నాలుగున్నరకి తానే కోశానని కూడా చెప్పింది. ఆ తోక అంత బరువైంది, ఆడదాన్ని చుట్టుకోవాలంటే ఒళ్లు వంగదు, దొర ప్రయత్నించి ప్రయత్నించి పక్కకి పడిపోయేవాడు. తోకైనా పోవాలి, వంశమైనా పోవాలి.

"కప్పు పోయింది కదే" అన్నాడు ఓవర్సీరుగారు. గొంతులో కోపం కంటే బేలతనం ఎక్కువైంది. "ఆ సంగతేదో ముందే నాతో ఒక్క మాట చెప్పొద్దా?"

కోడలు తొట్టిమీద మూత సగం జరిపి, ఆయన వైపు చూసింది.

"చెప్పాను మావయ్యా. మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ మీరు ఆడచేపనే మార్చమన్నారు."